మెట్ల మలుపులో ఇరవై ఒకటోసారి

మా బాబాయి వాళ్ళ బిల్డింగులో రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్లు ఒక మలుపు తిరుగుతాయి. ఆ మలుపు మంచిది కాదు.

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను కళ్ళారా చూసింది తక్కువ. సగం మా పిన్ని చెప్పింది, పావు మా చెల్లి చెప్పింది, మిగతా పావు వాచ్‌మన్ తాత చెప్పాడు. బాబాయిని అడిగితే మాత్రం మాట మార్చేసి నా చెవుల్లో గులిమి గురించి మాట్లాడతాడు.

ఆ మలుపులో ఒక గది ఉంది. తాళం వేసిన గది. తలుపు పైన వెంటిలేటరు, దానికి అద్దం ఎప్పుడో పోయింది. పగలంతా అది మామూలు గదే. సాయంత్రం ఆరున్నర దాటిందా... మొదలవుతుంది.

ఏం మొదలవుతుంది అంటే, అదే చిక్కు. ఏమీ కనబడదు. పెద్దవాళ్ళని అడిగితే ఏమీ వినబడదు కూడా అంటారు. పిల్లలు మాత్రం అక్కడికి రాగానే మెడలు ముడుచుకుని, మిగిలిన మెట్లు ఒక్క పరుగులో ఎక్కేస్తారు. పార్సిల్ తెచ్చిన కుర్రాడొకడు అక్కడిదాకా వచ్చి, పళ్ళు జివ్వుమంటున్నాయని దాన్ని కింద వాచ్‌మన్ తాత ఒళ్ళో పడేసి పోయాడట. తల్లి భుజం మీద నిద్రపోతున్న పసిపాప సరిగ్గా ఆ మలుపులో ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది — నాలుగు మెట్లు దాటాక మళ్ళీ నిద్రపోతుంది. మూడో అంతస్తు పిల్లి మెట్ల దారే మానేసి గోడ మీది పైపు పట్టుకుని ఎక్కుతోంది, దొంగలా.

పైగా ఆ దెయ్యానికి ఒక పద్ధతి ఉంది. ముసలివాళ్ళ జోలికి పోదు. నలభై దగ్గరపడ్డ వాళ్ళని అసలు లెక్కే చెయ్యదు. ఈ మాట విన్నప్పుడల్లా మా పిన్నికి ఒళ్ళు మండేది — దెయ్యానికి కూడా పనికిరాకుండా పోయామా అని.

దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది వాచ్‌మన్ తాత. నడుముకి అరకేజీ తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి అందరూ తాళాల తాత అంటారు. ఆయన చెప్పడం... ఒకప్పుడు ఆ గదిలో ఒక పాటల టీచరు ఉండేదట. సాయంత్రం పూట పిల్లలకి నేర్పేదట. పిల్లలు వెళ్ళిపోయాక తను ఒక్కతే కూర్చుని గొంతు పైకి, ఇంకా పైకి, ఇంకా ఇంకా పైకి తీసుకుపోయేదట. ఒకరోజు ఆ గొంతు పోయి పోయి, ఎవరికీ వినబడనంత పైకి పోయింది. గొంతుతో పాటు ఆవిడా పోయింది. తెల్లారి చూస్తే తలుపుకి తాళం.

తాత చెప్పేదాంట్లో సగం గాలి అని అందరికీ తెలుసు. ఆ సగం ఏదో మాత్రం ఎవరికీ తెలీదు.

ఇక మా బాబాయి. ఆయన చెవులు పరీక్ష చేస్తాడు. రెండో అంతస్తులో క్లినిక్, మూడో అంతస్తులో ఇల్లు. క్లినిక్‌లో ఫోన్‌బూత్ అంత గాజు గది ఉంటుంది. వచ్చినవాళ్ళని అందులో వీపు తనవైపు ఉండేలా కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తాడు. కూత వినబడితే నొక్కాలి. అంతే పరీక్ష.

కానీ మనుషులు మహా గడుసువాళ్ళు. చెవుడు ఉందంటే నామోషీ. కూత వినబడకపోయినా, ఎదుటి గాజులో బాబాయి మోచెయ్యి నీడ కదలడం చూసి ఠక్కున నొక్కేస్తారు. ఇరవై ఏళ్ళుగా ఈ దొంగ నొక్కుళ్ళు పట్టుకుని పట్టుకుని, బాబాయికి "వినబడింది" అన్న మాట మీదే నమ్మకం పోయింది.

తన చెవుల మీద మాత్రం అపారమైన నమ్మకం. రోజూ పొద్దున్నే మొదటి మనిషి రాకముందే హెడ్‌ఫోన్లు తను పెట్టుకుని మిషను సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాడు. శబ్దం అంటే గాలి వణకడమే కదా. సెకనుకి రెండొందల యాభైసార్లు వణికే బొంగురు కూతతో మొదలుపెట్టి, అయిదొందలు, వెయ్యి, రెండు వేలు, నాలుగు వేలు... ఎనిమిది వేల దగ్గర ఈలలాంటి కూతతో ముగిస్తాడు. అన్నీ వినబడతాయి. హెడ్‌ఫోన్లు తీసి, "నలభై ఎనిమిదేళ్ళొచ్చినా చెవులు కొత్తవాటిలా ఉన్నాయి" అని ఎవరున్నా లేకపోయినా ఒకసారి అనుకుంటాడు.

ఆయన మిషను ఎనిమిది వేల దగ్గర ఆగిపోతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. బాబాయి పెట్టుకోలేదు.

ఇంతకీ అసలు గొడవ మా చెల్లిది. బాబాయి కూతురు, పదమూడేళ్ళది, ఇంట్లో గువ్వ అంటాం. ట్యూషన్ అయి ఏడింటికి ఇంటికొస్తుంది. మలుపు దాటడానికి భయం. కింద తాత స్టూలు మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, పిన్ని కుట్టుమిషను ఆపి కిందికి దిగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాకా. అప్పుడైనా రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకునే ఎక్కుతుంది.

బాబాయి దాన్ని గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. చెవులు బంగారం. ఏ లోపమూ లేదు. అంటే లోపం బుద్ధిలో ఉందని తేల్చాడు. ట్యూషన్ ఎగ్గొట్టడానికి నాటకం అన్నాడు. వచ్చే నెల హాస్టల్లో వేస్తే దెయ్యాలూ భూతాలూ అవే వదులుతాయని అప్లికేషను తెచ్చి అల్మారా మీద పెట్టాడు. సంతకం ఒక్కటే తక్కువ.

గువ్వ ఏడవలేదు. అన్నం మానేయలేదు. తండ్రితో మాట్లాడటం మానేసింది. ఊరందరి చెవులూ పరీక్ష చేసే మనిషికి ఇంట్లో ఒక్క గొంతు వినబడటం ఆగిపోయింది.

బాబాయికి అది ముల్లులా గుచ్చుకుంది. కానీ ముల్లు గుచ్చుకుందని ఒప్పుకునే రకం కాదు. ఒక గురువారం రాత్రి, పద తేల్చేద్దాం అని గువ్వని తీసుకుని మలుపులోకి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. దెయ్యాలకి వెలుతురు పడదు కాబట్టి, తాతకి చెప్పి మెట్ల లైట్లన్నీ ఆర్పించాడు.

చీకటి. ఎక్కడో కుళాయి బొట్లు. పైన పిన్ని కుట్టుమిషను... ఆగింది.

అయిదు నిమిషాలు. పది నిమిషాలు.

"వినబడుతోందా?" అన్నాడు బాబాయి, గుసగుసగా.

"లేదు నాన్నా," అంది గువ్వ, ఇన్నాళ్ళకి నోరు విప్పి. "ఇప్పుడు లేదు."

బాబాయి నిట్టూర్చాడు. నిజం ఒప్పుకుంది, పోనీలే అనుకున్నాడు. లైట్లు వెయ్యమని తాతని కేకేశాడు. బల్బు వెలిగింది—

గువ్వ రెండు చెవులూ మూసుకుని ముడుచుకుపోయింది.

"వచ్చింది నాన్నా. వచ్చేసింది."

బాబాయి పక్కున నవ్వాడట. చీకటంటే భయపడి, లైటు వెయ్యగానే తయారయ్యే దెయ్యాన్ని తన జన్మలో వినలేదన్నాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి. పైకెళ్ళి పెన్ను వెతకడం మొదలుపెట్టాడు.

అప్పుడు మా పిన్ని రంగంలోకి దిగింది. ఆవిడ బట్టలు కుడుతుంది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది, మాట తక్కువ. ఆ రాత్రి టేపు తీసి బాబాయి ముందు బల్ల మీద పరిచింది.

"ఇది ఎన్ని అంగుళాలు?"

"అరవై."

"అరవై ఒకటో అంగుళం లోకంలో లేదంటారా?"

 మీ మిషను ఎక్కడ ఆగుతుందని అడిగింది పిన్ని. ఎనిమిది వేలు అన్నాడు. మనిషి చెవి ఎక్కడ ఆగుతుందని అడిగింది. బాబాయికి చదువుకున్న రోజుల్లో పరీక్షలో రాసిన జవాబు ఒకటి మెల్లగా గుర్తొచ్చింది. ఇరవై దగ్గర మొదలు, ఇరవై వేల దాకా. అది కూడా చిన్నపిల్లలకి. వయసు పెరిగేకొద్దీ పైనుంచి ఒక్కో మెట్టే ఊడిపోతూ వస్తుంది. మాటలన్నీ ఎనిమిది వేల లోపే సరిపోతాయి కాబట్టి, ఆ పైవి ఊడిపోయిన సంగతి మనిషికి తెలియనే తెలియదు.

"పరాయివాళ్ళకి పెట్టే పరీక్ష మన పిల్లకి పెట్టండి," అంది పిన్ని. "వినబడిందా అని అడగొద్దు. దొంగతనం పట్టుకున్నట్టు పట్టుకోండి."

శనివారం రాత్రి పెట్టారు పరీక్ష. బాబాయి ఎంత పకడ్బందీగా పెట్టాడంటే, దెయ్యమే వచ్చి బటన్ నొక్కినా పట్టుకునేలా పెట్టాడు. గువ్వని మలుపులో గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. పిన్ని నల్ల లైనింగ్ గుడ్డని ఎనిమిది మడతలు పెట్టి కళ్ళకి కట్టింది. మెట్ల లైటు స్విచ్చు కింద మీటర్ల గదిలో ఉంటుంది, అక్కణ్ణుంచి టక్కుమన్నా పైకి వినబడదు. అక్కడ తాతని నిలబెట్టారు. ఇరవైసార్లు వెయ్యి, వేసి పది లెక్కపెట్టి ఆర్పు, ఎప్పుడు వేస్తావో నాక్కూడా చెప్పకు అన్నాడు బాబాయి. ఆఖరిది అయ్యాక పైకి వచ్చెయ్యమన్నాడు. పిన్ని చేతిలో చిన్న టార్చి, గువ్వ చేతి మీదకి. బాబాయి చేతిలో చెవి పరీక్ష కాగితం, పెన్సిలు.

శబ్దం వస్తే చెయ్యి ఎత్తాలి. పోతే దించాలి.

చీకటి.

చాలాసేపు ఏమీ లేదు. గువ్వ చెయ్యి ఒళ్ళోనే ఉంది.

బల్బు వెలిగింది. చెయ్యి లేచింది.

బల్బు ఆరింది. చెయ్యి దిగింది.

మళ్ళీ చీకటి... ఈసారి రెండు నిమిషాలు. తాత కావాలనే సతాయిస్తున్నాడు. కిందనుంచి బీడీ వాసన. అయినా చెయ్యి కదల్లేదు.

వెలిగింది — లేచింది. ఆరింది — దిగింది. వెంటనే మళ్ళీ వెలిగింది — వెంటనే మళ్ళీ లేచింది.

ఆరోసారికి బాబాయి వెక్కిరింపు మొహం పోయింది.  ఆ వెలుతురులో ప్రతిసారీ కూతురి మొహం ముడుచుకోవడం చూస్తున్నాడు. తన చెవులు కూడా రిక్కించాడు. ఊపిరి బిగబట్టాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కొత్తవాటిలా ఉన్న ఆ చెవుల్లో... ఏమీ లేదు. కుళాయి బొట్లు. అంతే.

"ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"సన్నగా నాన్నా. చెవిలోంచి దారం లాగుతున్నట్టు. ఆగదు."

ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియలేదు ఆయనకి. కాగితం మీద గడులు ఎనిమిది వేల దగ్గర అయిపోయాయి. ఆ పక్కన ఉత్త అంచు. ఆ తెల్లటి అంచులోనే, ఇరుకిరుగ్గా, ఇరవై గీతలు గీశాడు.

ఇరవైకి ఇరవై.

పైకొచ్చిన తాత చేత ఆ గది తాళం తీయించారు. తలుపు కిర్రుమంది. లోపల దుమ్ము, ఒక విరిగిన కుర్చీ, నేల మీద ఎండిపోయిన రంగు డబ్బా. గువ్వ పిన్ని వెనకాల. బాబాయి ముందు. తాత ఎవరికన్నా ముందు ఉండాల్సినవాడు అందరికన్నా వెనకాల.

తాతని కిందికి పంపి లైటు వేయించి చూశారు. వెంటిలేటరు గట్టు మీద... చిన్న ఆకుపచ్చ కన్ను ఒకటి మెట్లవైపు చూస్తోంది.

అరచెయ్యంత పెట్టె. దాని వైరు వెంటిలేటరులోంచి బయటికి పోయి మెట్ల బల్బు హోల్డరుకి తగిలించి ఉంది. సాయంత్రం ఆరున్నరకి తాత లైటు వేస్తే అదీ వెలుగుతుంది. లైటు ఆరితే అదీ ఆరుతుంది. పెట్టె మీద ఒక చీటీ అంటించి ఉంది — "ఎలుకల కోసం. తియ్యవద్దు."

కోడి కెలికినట్టున్న ఆ రాత పిన్నికి పెళ్ళైనప్పట్నుంచీ తెలుసు. టార్చి బాబాయి మొహం మీదకి తిప్పింది.

రెండేళ్ళ కిందట క్లినిక్‌కి రంగులు వేయిస్తూ వారం రోజులు మిషన్లన్నీ ఆ గదిలో పెట్టాడు బాబాయి. ఎలుకలు హెడ్‌ఫోన్ వైరు కొరికాయి. సన్నటి కూతతో ఎలుకల్ని తరిమే పెట్టె కొన్నాడు. గదిలో ప్లగ్గు లేక మెట్ల బల్బు నుంచి కరెంటు లాగాడు. పెట్టె మీద "మనుషులకు వినబడదు" అని రాసి ఉంది. వేసి విన్నాడు. నిజమే, వినబడలేదు. మనుషులంటే తనే అనుకున్నాడు. వారం తర్వాత మిషన్లు తెచ్చుకున్నాడు, పెట్టెని మర్చిపోయాడు. ఆ వారమే మలుపులో దెయ్యం పుట్టింది. ఎవరూ లెక్క వేసి చూడలేదు — పాటల టీచరు పోయి పదిహేనేళ్ళయితే, దెయ్యానికి రెండేళ్ళేనేమిటని.

బాబాయి మెట్టు మీద కూలబడ్డాడు.  తర్వాత గువ్వతో అన్న మాట ఒక్కటే.

"నువ్వు చెప్తూనే ఉన్నావు. నాకే వినబడలేదు."

గువ్వ అంత తేలిగ్గా వదిలే పిల్ల కాదు, నా శిష్యురాలు. పైకెళ్ళి అల్మారా మీది హాస్టల్ అప్లికేషను తెచ్చింది. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు రాసిమ్మంది. బాబాయి రాశాడు: "నా కూతురు వినబడింది అంటే వినబడినట్టే. ఎదురు చెప్పను." కింద సంతకం. సాక్షి సంతకం పిన్నిది. ఇంతకాలం ఎదురుచూసిన సంతకం కాగితానికి అవతలివైపు పడింది.

పెట్టె పీకేశారు. మర్నాటి నుంచి పసిపాప మలుపులో కూడా నిద్రపోతోంది. పిల్లి మెట్ల మధ్యలో మహారాణిలా పడుకుంటోంది. ఎలుకలు కూడా తిరిగొచ్చాయని ఒక పుకారు. తాళాల తాత ఒక్కడే డీలా పడ్డాడు, కథ వినేవాళ్ళు లేక.

ఇంత సంగతి జరిగితే నేను ఊరుకుంటానా? ఆ తర్వాతి ఆదివారమే దిగిపోయాను. బాబాయిని చూడగానే, ఎలుకల కోసం పెట్టి పిల్లల్ని తరిమావట కదా అన్నాను. కొత్తవాటిలాంటి చెవులు వారంటీలో ఉన్నాయేమో చూసుకోమన్నాను. పాపం, నవ్వాడు. ఆ పరీక్ష కాగితాన్ని బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు, పొగరు ఎక్కకుండా రోజూ చూసుకోవడానికట.

నేను చూశాను దాన్ని. అంచులో గీతలు. ఏమీ తోచక లెక్కపెట్టాను.

ఇరవై ఒకటి.

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మామూలు గీతలు. ఆఖర్న, కొంచెం దూరంగా, ఒకటి. దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం.

ఇదేంటి బాబాయ్ అన్నాను. నా చెవి పట్టుకుని లోపలికి చూసి, గులిమి బాగా పేరుకుందన్నాడు.

సాయంత్రం గువ్వని అడిగాను. మలుపులోనే కూర్చుని ఉంది, పిల్లి ఒళ్ళో.

"అప్పటికి ఇరవై అయిపోయాయి అన్నయ్యా," అంది. "లైటు ఆరిపోయింది. తాత మెట్లెక్కి వస్తున్నాడు. నా కళ్ళకి ఇంకా గుడ్డ ఉంది. వినబడింది, చెయ్యి ఎత్తాను."

"ఆ కూతేనా?"

"కాదు. ఇది సన్నగా లేదు. మాట." పిల్లి తల నిమిరింది. "వెంటిలేటరులోంచి. మెల్లగా... 'ఇంకొంచెం పైకి' అని."

నవ్వేశాను. ఎవరి దగ్గర నేర్చుకుంది, నా దగ్గరేగా. చెవిలో దూది పెట్టుకోమని చెప్పి, ఆ జోకు తాతకి కూడా చెబుదామని కిందికి దిగాను.

తాత స్టూలు మీద కూర్చుని తాళాలు తుడుచుకుంటున్నాడు. చెప్పాను. తుడవడం ఆపాడు.

"ఆ మాట పాపకి ఎవరు చెప్పారు బాబూ?"

"ఏం తాతా?"

"టీచరమ్మ మాట అది," అన్నాడు, మెట్లవైపు చూడకుండా. "పిల్లల గొంతు పైన ఆగిపోతే అలాగే అనేది. నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదే..."

తాత చెప్పేదాంట్లో సగం గాలి. నాకూ తెలుసు. గువ్వ నాకన్నా పెద్ద అల్లరిది, అదీ తెలుసు. ఇద్దరూ కలిసి నన్ను ఆడిస్తున్నారని తొంభై పాళ్ళు నమ్ముతాను.

బాబాయికి ఆ తొంభై పాళ్ళు కూడా లేవు. ఎదురు చెప్పనని సంతకం పెట్టిన మనిషి. గువ్వ వినబడిందంటే వినబడినట్టే. అందుకని క్లినిక్ మూసి ఇంటికెళ్ళేటప్పుడు, సరిగ్గా ఆ మలుపు వచ్చేసరికి, నలభై ఎనిమిదేళ్ళ వయసులో రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు.

నేనా? నాకేం భయం. నేను మొదట్నుంచీ చెవుల్లో పాటలు పెట్టుకునే ఆ మెట్లెక్కుతాను. ఈమధ్య సౌండు కొంచెం పెంచాను, అంతే.